వ్యాధికి తగిన ఔషధం: గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లో క్రిమిని గుర్తించే పరీక్షలు

ప్రతి వ్యాధికీ ఔషధం ఉందనీ, ఆ వ్యాధికి తగిన ఔషధం అందినప్పుడు అల్లాహ్ ఆజ్ఞతో రోగికి స్వస్థత చేకూరుతుందనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఈ బోధనలోని మొదటి మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. రోగిని పరామర్శించడానికి వెళ్లిన ప్రతివారూ ఆ మాటతోనే ధైర్యం చెబుతారు. రెండవ మాట మీద మాత్రం మన దృష్టి అంతగా నిలవదు. ఔషధం ఎంత గొప్పదైనా అది వ్యాధికి తగినదై ఉండాలి. తగినదా కాదా తేల్చాలంటే ముందుగా వ్యాధి ఏమిటో, దానికి కారణం ఏమిటో నిర్ధారణ కావాలి.

ఈ సూత్రం మీదనే రోగి ప్రాణం ఆధారపడే జబ్బులలో గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ ఒకటి. వైద్యులు దీనిని ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. ఇది అరుదైన జబ్బే. కానీ చికిత్స అందకపోతే దాదాపు తప్పకుండా ప్రాణం తీస్తుంది. చికిత్స అందినా అది వారాల తరబడి సాగుతుంది. ఆ వారాలలో ఇచ్చే మందు సరైనది కావాలంటే కారణమైన క్రిమి పేరు తెలియాలి. ఇటీవలి దశాబ్దాలలో ఆ పేరు తెలుసుకోవడానికి మాలిక్యులర్ పరీక్షలు, అంటే క్రిమి జన్యు పదార్థాన్ని గుర్తించే పరీక్షలు, తోడయ్యాయి. అవి ఏం చేయగలవు, ఏం చేయలేవు, రోగి కుటుంబం ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఈ నెల మన విషయం.

కవాటంపై కోట కట్టుకునే క్రిమి

మన గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉన్నాయి. ఇవి రోజుకు సుమారు లక్ష సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ రక్తం వెనక్కి మళ్లకుండా కాపాడతాయి. గుండె కుడి భాగంలోని రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రయాణించి ఎడమ భాగానికి చేరుతుందని 13వ శతాబ్దంలోనే వివరించినవాడు ముస్లిం వైద్యుడు ఇబ్నున్నఫీస్. అల్లాహ్ సృష్టిలోని ఈ అద్భుతమైన అమరికలో ఒక్క కవాటం దెబ్బతిన్నా దేహమంతా ఆ బాధ అనుభవిస్తుంది.

నునుపుగా, ఆరోగ్యంగా ఉన్న కవాటానికి క్రిములు అంత తేలికగా అతుక్కోవు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల కవాటం పాడైనవారు, పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవారు, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, డయాలిసిస్ కోసం రక్తనాళంలో గొట్టం వేయించుకున్నవారు, ఇదివరకు ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవారు ఎక్కువ ముప్పులో ఉంటారు. చిగుళ్ల నుండో, చర్మంపై పుండు నుండో, పేగుల నుండో రక్తంలోకి చేరిన క్రిమి దెబ్బతిన్న చోట అతుక్కుంటుంది. దాని చుట్టూ ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే పోగులు పేరుకొని ఒక చిన్న గడ్డ తయారవుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరు వెజిటేషన్.

ఈ గడ్డ లోపల క్రిములకు కోటలో ఉన్నంత రక్షణ దొరుకుతుంది. కవాటపు పొరలలో రక్తనాళాలు దాదాపు ఉండవు. అందువల్ల శరీరపు రక్షక కణాలు అక్కడికి సరిగా చేరలేవు. మందు కూడా పక్కన పారే రక్తం నుండి మెల్లగా లోపలికి ఇంకవలసిందే. సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాల పాటు, పెద్ద మోతాదులో, సెలైన్ మార్గం గుండా యాంటీబయోటిక్ ఇవ్వడానికి కారణం ఇదే. గడ్డలోని ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. కవాటం చిరిగితే గుండె తన పని తాను చేసుకోలేని స్థితికి వస్తుంది. సుమారు సగం మందికి ఆపరేషన్ అవసరమవుతుంది.

1885లో సర్ విలియం ఆస్లర్ లండన్‌లో ఈ జబ్బు గురించి ప్రసిద్ధమైన ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆనాడు ఆయన రోగ లక్షణాలను నిశితంగా వర్ణించగలిగాడే గాని రోగిని కాపాడే మందు ఆయన చేతిలో లేదు. 1940ల్లో పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాతనే ఈ రోగులు బ్రతికి ఇంటికి వెళ్లడం మొదలైంది.

రెండు మూడు బిళ్లలతో మొదలయ్యే చిక్కు

చాలామందిలో ఈ జబ్బు చప్పుడు లేకుండా మొదలవుతుంది. సన్నని జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, నీరసం. టైఫాయిడ్ అయినా, టీబీ అయినా దాదాపు ఇలాగే ఉంటుంది గనుక అనుమానం గుండె మీదికి వెళ్లదు.

ఉదాహరణకు ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందనీ, గుండెలో ఒక వాల్వు కాస్త లీకవుతోందని డాక్టరు అన్నాడనీ ఆమెకు లీలగా గుర్తుంది. పది రోజులుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. భర్త మెడికల్ షాపులో అడిగి అయిదు రోజుల యాంటీబయోటిక్ తెచ్చాడు. జ్వరం తగ్గింది. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చింది. ఈసారి వీధి చివరి ఆర్‌ఎంపీ ఇంకొక మందు ఇచ్చాడు. అదీ తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండు నెలలు గడిచాక మెట్లెక్కితే ఆయాసం మొదలై పెద్దాసుపత్రికి వెళితే, ఎకో పరీక్షలో కవాటం మీద గడ్డ కనిపించింది. క్రిమి ఏదో తేల్చడానికి రక్తాన్ని కల్చర్‌కు పంపితే ఏమీ పెరగలేదు.

అక్కడ జరిగింది ఇది. ఆ కొద్దిపాటి బిళ్లలు రక్తంలో తిరిగే క్రిములను చంపాయి. కోటలో ఉన్నవాటిని ముట్టుకోలేదు. జ్వరం తగ్గినట్లు అనిపించింది, వ్యాధి లోపల పెరుగుతూనే ఉంది. చివరకు అసలైన పరీక్ష చేసే సమయానికి రక్తంలో సాక్ష్యం కూడా చెరిగిపోయింది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. మన దేశ చట్టం కూడా 2014 నుండి అనేక యాంటీబయోటిక్‌లను షెడ్యూల్ ఎచ్1 కింద చేర్చి, డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మరాదని నిర్దేశించింది. అమ్మేవాడిదే కాదు, అడిగి తెచ్చుకునేవారిది కూడా ఇందులో బాధ్యతే.

మొదటి సాక్ష్యం బ్లడ్ కల్చర్

మాలిక్యులర్ పరీక్షల గురించి చెప్పుకొనే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కవాటాల ఇన్‌ఫెక్షన్‌లో మొదటి పరీక్ష నేటికీ బ్లడ్ కల్చరే. యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే, వేర్వేరు చోట్ల సూది గుచ్చి, కొంత వ్యవధితో కనీసం మూడుసార్లు రక్తం తీయాలి. ఆ రక్తాన్ని క్రిములకు ఆహారం ఉన్న సీసాలలో పోసి యంత్రంలో ఉంచుతారు. క్రిమి ఉంటే సాధారణంగా ఒకటి రెండు రోజులలోనే పెరుగుతుంది. పెరిగిన క్రిమిపై ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో, ఎంత మోతాదు చాలునో ప్రయోగశాలలోనే పరీక్షించి చెప్పగలరు. ఇంత పూర్తి సమాచారం మరే పరీక్షా ఇవ్వదు.

మూడుసార్లు ఎందుకని కుటుంబ సభ్యులు విసుక్కుంటారు. చర్మంపై సహజంగా ఉండే క్రిమి ఒక సీసాలో పొరపాటున పడవచ్చు. అదే క్రిమి వేర్వేరు చోట్ల తీసిన మూడింటిలోనూ కనిపిస్తే అది నిజంగా రక్తంలో ఉన్నదేనని నమ్మకం కుదురుతుంది. సాక్ష్యం ఒకరిదే అయితే సంశయం మిగులుతుంది, సాక్షులు ఎక్కువైతే తీర్పు బలపడుతుంది. ఇది మనకు తెలియని నీతి కాదు. జ్వరం ఎక్కినప్పుడే రక్తం తీయాలన్న నియమం కూడా లేదు. ఈ జబ్బులో క్రిములు ఎడతెగకుండా రక్తంలోకి విడుదలవుతూనే ఉంటాయి.

అయినా కొందరిలో కల్చర్ ఏమీ చెప్పదు. ముందే యాంటీబయోటిక్ వాడి ఉండటం దీనికి ప్రధాన కారణం. మన దేశంలో ఇది మరీ ఎక్కువ. రెండవ కారణం, కొన్ని క్రిములు సీసాలో పెరిగే స్వభావం గలవి కావు. మేకలు, గొర్రెలు, పశువుల నుండి వచ్చే కాక్సియెల్లా, పిల్లి గోళ్ల గాయం ద్వారా గాని పేల ద్వారా గాని వచ్చే బార్టొనెల్లా, విప్పల్ వ్యాధికి కారణమైన ట్రొఫెరిమా ఇటువంటివి. కాక్సియెల్లా, బార్టొనెల్లాలను రక్తంలోని యాంటీబాడీల పరీక్షతో చాలావరకు పట్టుకోవచ్చు. అది కూడా తేల్చలేనప్పుడు జన్యు పరీక్షలు రంగంలోకి వస్తాయి.

అన్ని క్రిములలోనూ ఉండే ఒక చిరునామా

మశూచినీ తట్టునూ ఒకే జబ్బుగా కలగలిపి చూస్తున్న కాలంలో, వాటిని వేరుచేసి వర్ణిస్తూ ప్రత్యేక గ్రంథం రాసిన వైద్యుడు అబూబక్ర్ రాజీ. రెండు జబ్బులు పైకి ఒకేలా కనిపించినా అవి ఒకటి కావని, వేరుచేసి చూడటమే వైద్యుని మొదటి పని అని ఆ గ్రంథం నిరూపించింది. నేటి జన్యు పరీక్ష చేసేది కూడా ఆ వేరుచేసే పనే. సాధనం మాత్రం కొత్తది.

ప్రతి బాక్టీరియాలోనూ 16ఎస్ అనే ఒక జన్యువు ఉంది. సుమారు 1500 అక్షరాల పొడవున్న ఈ జన్యువులో కొన్ని భాగాలు అన్ని బాక్టీరియాలలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మధ్యలోని కొన్ని భాగాలు జాతికొక తీరుగా మారుతూ ఉంటాయి. ఒకేలా ఉండే భాగాన్ని పట్టుకొని, మారే భాగాన్ని చదివితే అది ఏ క్రిమియో తెలుస్తుంది. అన్ని ఉత్తరాల మీదా రాష్ట్రం పేరు ఒకటే, ఇంటి నంబరు మాత్రం వేర్వేరు అన్నట్లుగా ఉంటుంది ఈ ఏర్పాటు. అమెరికన్ శాస్త్రవేత్త కార్ల్ వోజ్ 1977లో ఈ జన్యు వివరాలను ఆధారంగా చేసుకొని సూక్ష్మజీవుల ప్రపంచాన్నే కొత్తగా వర్గీకరించాడు.

రోగి నమూనాలో క్రిమి జన్యు పదార్థం అత్యల్పంగా ఉంటుంది. దానిని చదవగలిగేంతగా పెంచే విధానమే పీసీఆర్. కోవిడ్ రోజులలో ఈ పేరు ఇంటింటికీ తెలిసిపోయింది. 1983లో క్యారీ ముల్లిస్ దీనిని కనిపెట్టాడు. 1993లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒక జన్యు ముక్క రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఇలా 30 సార్లు జరిగితే ఒక్క ముక్క నుండి 100 కోట్లకు పైగా నకళ్లు తయారవుతాయి. ఈ పనిలో మరిగే వేడిని తట్టుకొనే ఒక ఎంజైమ్ అవసరం. అది అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో బ్రతికే ఒక బాక్టీరియా నుండి లభించింది. ఎవరికీ పట్టని బుగ్గలో అల్లాహ్ సృష్టించిన ఒక జీవి కోట్లాది రోగుల నిర్ధారణకు సాధనమైంది. ఆలోచించేవారికి ఇందులో గొప్ప నిదర్శనం ఉంది.

ప్రయోగశాలలో పెంచడం అసాధ్యమని భావించిన ట్రొఫెరిమాను 1992లో ఈ విధానంతోనే గుర్తించారు. అది తొలిసారి ప్రయోగశాలలో పెరిగింది 2000లో. అంటే క్రిమిని ప్రయోగశాలలో పెంచకముందే దాని జన్యు చిరునామా వైద్యులకు తెలిసిందన్నమాట.

ఈ పరీక్ష రక్తంపై కంటే, ఆపరేషన్‌లో తొలగించిన కవాటపు ముక్కపై చేసినప్పుడు ఎక్కువగా ఫలిస్తుంది. రక్తంలో క్రిములు పలుచగా ఉంటాయి, గడ్డలో గుమిగూడి ఉంటాయి. 1994లో రూపొంది, 2000లో మార్పులు పొందిన డ్యూక్ ప్రమాణాలనే ప్రపంచమంతటా వైద్యులు ఈ జబ్బు నిర్ధారణకు వాడుతున్నారు. 2023లో వాటిని సవరించినప్పుడు జన్యు పరీక్షల ఫలితాలకు కూడా సాక్ష్యంగా చోటు కల్పించారు.

పేరు తెలిస్తే మందు ఎలా మారుతుంది?

క్రిమి పేరు తెలియనంత కాలం వైద్యుడు అన్ని అవకాశాలనూ దృష్టిలో పెట్టుకొని రెండు మూడు బలమైన మందులను కలిపి ఇవ్వవలసి వస్తుంది. వాటిలో వాంకోమైసిన్, జెంటామైసిన్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. జెంటామైసిన్ వల్ల వినికిడి కూడా తగ్గవచ్చు. అవసరమైతే ఆ ముప్పును భరించక తప్పదు. అవసరం లేకుండా ఆరు వారాలు భరించడం మాత్రం రోగికి నష్టమే.

నోటిలో ఉండే స్ట్రెప్టోకాకస్ అని తేలిందనుకుందాం. చాలా సందర్భాలలో పెన్సిలిన్ గాని సెఫ్ట్రియాక్సోన్ గాని నాలుగు వారాలు ఇస్తే సరిపోతుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అని తేలితే వెంటనే మరో ప్రశ్న వస్తుంది: అది మొండి క్రిమా, మామూలుదా? మెక్ఏ అనే జన్యువు ఉంటే మొండిది. దానికి వాంకోమైసిన్ లేదా డాప్టోమైసిన్ కావాలి. ఆ జన్యువు లేకుంటే క్లాక్ససిలిన్, సెఫజోలిన్ వంటి మందులు వాంకోమైసిన్ కంటే మెరుగ్గా పనిచేస్తాయి. కల్చర్ సీసాలో క్రిమి పెరిగినట్లు యంత్రం సూచించిన తరువాత, మందుల పరీక్ష ఫలితం కోసం మరో రోజు రెండు రోజులు వేచి ఉండకుండా, ఈ జన్యువు ఉందో లేదో కొద్ది గంటలలో చెప్పే పరీక్షలు నేడు పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. ఇక్కడ మాలిక్యులర్ పరీక్ష కల్చర్‌కు పోటీ కాదు, దానికి వేగాన్ని జోడించే సహాయకారి.

కాక్సియెల్లా అని తేలితే చికిత్స పూర్తిగా మారిపోతుంది. మామూలుగా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు దానిపై పనిచేయవు. డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి కనీసం 18 నెలలు, కృత్రిమ కవాటం ఉంటే ఇంకా ఎక్కువ కాలం ఇవ్వాలి. పేరు తెలియక ఆరు వారాల ఇంజెక్షన్లతో ముగించి ఇంటికి పంపితే వ్యాధి అక్కడే ఉండిపోతుంది. బార్టొనెల్లాకు కూడా డాక్సీసైక్లిన్ ముఖ్యమైన మందు. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. 1948లో వెలువడిన ఆ కుటుంబపు తొలి ఔషధం ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో వచ్చిందని తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

మరో ప్రయోజనం కూడా ఉంది. డెన్మార్క్‌లో 400 మంది రోగులపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కనీసం 10 రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, పరిస్థితి నిలకడగా ఉన్నవారిలో కొందరికి మిగిలిన చికిత్సను నోటి మాత్రలతో పూర్తిచేశారు. పూర్తిగా ఇంజెక్షన్లు పొందినవారికంటే వారి ఫలితాలు తీసిపోలేదు. అయితే అందులో చేర్చుకున్నది క్రిమి పేరు తేలినవారినే. పేరు తెలియని రోగికి ఈ సౌలభ్యం ఇవ్వడం కష్టం. క్రిమి పేరు తెలియడం వల్ల కొందరు రోగులకు ఇంటికి దారి దగ్గరవుతుంది. అలాగని ఎవరూ తమంతట తాము ఇంజెక్షన్లు ఆపి మాత్రలకు మారకూడదు. అది ప్రత్యేక వైద్య బృందం పర్యవేక్షణలో జరగవలసిన నిర్ణయం.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి

కొత్త పరీక్ష పేరు వినగానే అదే సర్వస్వమని భావించడం కూడా తప్పే. మొదటి హద్దు: 16ఎస్ పరీక్ష క్రిమి పేరు చెబుతుంది గాని, దానిపై ఏ మందు ఎంత బాగా పనిచేస్తుందో సాధారణంగా చెప్పదు. ఆ పని కల్చర్‌దే.

రెండవ హద్దు: చచ్చిన క్రిమి జన్యు పదార్థం కూడా ఈ పరీక్షకు చిక్కుతుంది. చికిత్స విజయవంతంగా పూర్తయిన నెలల తరువాత కూడా కవాటంలో ఆ అవశేషాలు మిగిలి ఉండవచ్చు. యుద్ధం ముగిసిన మైదానంలో కత్తులు దొరికినంత మాత్రాన యుద్ధం సాగుతోందని అర్థం కాదు గదా! అందుచేత ఆపరేషన్‌లో తీసిన కవాటం పీసీఆర్‌లో పాజిటివ్ అయినంత మాత్రాన మందుల లెక్క మళ్లీ మొదటికి రాదు. ఆ కవాటాన్ని కల్చర్ చేసినప్పుడు బ్రతికున్న క్రిమి పెరిగితేనే ఆపరేషన్ రోజు నుండి పూర్తి కోర్సు మళ్లీ లెక్కిస్తారు. పెరగకపోతే ముందు ఇచ్చిన సరైన మందుల రోజులు లెక్కలోనే ఉంటాయి. ఈ భేదం తెలియక కొందరు రోగులు అనవసరంగా ఆందోళన పడతారు.

మూడవ హద్దు: అతి సూక్ష్మమైన పరీక్ష గనుక చర్మం నుండో, గాలి నుండో, పరికరాల నుండో చేరిన క్రిమి అంశను కూడా పట్టుకొని తప్పుదారి పట్టించవచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. ఫలితాన్ని రోగి లక్షణాలతో, ఎకోతో, కల్చర్‌తో కలిపి చదవగల వైద్య బృందం ఉన్నప్పుడే దానికి విలువ. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో విశ్వాసులకు ఒక ఆదేశం ఉంది. అవిశ్వసనీయుడు తెచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు నష్టం కలిగించి పశ్చాత్తాపపడవలసి వస్తుందని అది హెచ్చరిస్తుంది. వార్త విషయంలో ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, ప్రాణం విషయంలో తొందరపాటును ఎలా మెచ్చుకుంటుంది?

కుటుంబం చేయవలసినవి

గుండె కవాట సమస్య ఉన్న మనిషికి వారం దాటి జ్వరం వస్తే, లేదా తగ్గినట్లే తగ్గి మళ్లీ వస్తే, మందుల షాపుకు గాక డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. మొదటి మాటగా కవాట సమస్య సంగతి చెప్పండి. యాంటీబయోటిక్ మొదలుపెట్టేముందు బ్లడ్ కల్చర్ అవసరమా అని మర్యాదగా అడగండి. అయితే రోగి పరిస్థితి విషమంగా ఉంటే రక్తం తీసిన వెంటనే మందు మొదలుపెడతారు. కల్చర్ ఫలితం కోసం మందును ఆపమని పట్టుబట్టకూడదు.

ఇదివరకు వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు దాచి ఉంచి డాక్టరుకు చూపించండి. భయపడి దాచిపెట్టవద్దు. కల్చర్ ఎందుకు నెగెటివ్ వచ్చిందో ఆ స్ట్రిప్పు ఒక్కటే చెప్పగలదు. ఇంట్లో మేకలు, గొర్రెలు, పిల్లులు ఉన్నాయా, ఈమధ్య పశువు ఈనిందా, పచ్చిపాలు తాగే అలవాటు ఉందా అన్నది కూడా చెప్పండి. పరీక్షల దిశ దానివల్ల మారుతుంది.

కవాటం మార్చే ఆపరేషన్ నిర్ణయమైతే ముందురోజే ఒక ప్రశ్న వేయండి: తీసిన కవాటపు ముక్కను కల్చర్‌కూ, పీసీఆర్‌కూ కూడా పంపుతారా? మొత్తం ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్ చేయడం కుదరదు, జన్యు పదార్థమూ చెడిపోతుంది. ఒక భాగం ఫార్మలిన్‌లో, మిగిలిన భాగాలు శుభ్రమైన వేరు డబ్బాలలో వెళ్లాలి. ఆ ముక్క మళ్లీ దొరకదు. తమ ఆసుపత్రిలో పీసీఆర్ లేకపోయినా పెద్ద నగరాల ప్రయోగశాలలకు పంపే వీలు ఉంటుంది. ఖర్చు భరించలేని బంధువుకో పొరుగువారికో ఇటువంటి సమయంలో అండగా నిలవడం మన బాధ్యత. జకాత్‌కు అర్హులైనవారికి ఆ సొమ్ము అందితే చికిత్స మధ్యలో ఆగదు.

చికిత్స రమజాన్‌లో పడితే ఉపవాసం గురించి మథనపడవద్దు. రోగికి ఆ నెలలో మినహాయింపు ఇచ్చి, కోలుకున్నాక ఆ రోజుల లెక్క పూర్తిచేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ బఖరా సూరాలో ప్రసాదించాడు. ఆ సౌలభ్యాన్ని స్వీకరించడం కూడా విధేయతే.

రాకముందే కాపాడుకోవడం

ఈ జబ్బు తెచ్చే క్రిములలో కొన్ని నోటి నుండే బయలుదేరుతాయి. చిగుళ్లు వాచి రక్తం కారుతుంటే, నమిలిన ప్రతిసారీ క్రిములు రక్తంలోకి జారే అవకాశం ఉంది. తన సముదాయానికి కష్టమవుతుందన్న సంకోచమే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించి ఉండేవాడినని దైవప్రవక్త (స) అన్న సంగతి మనకు తెలుసు. మిస్వాక్‌తోనైనా బ్రష్‌తోనైనా రోజూ నోరు శుభ్రపరచుకోవడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు దంత వైద్యుని కలవడం కవాట రోగికి రక్షణ కవచం. కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇదివరకు ఈ జబ్బు వచ్చినవారు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవారు పన్ను తీయించుకునే ముందు ఒక మోతాదు యాంటీబయోటిక్ తీసుకోవాలి. సాధారణంగా పెద్దలకు పని మొదలయ్యే 30 నుండి 60 నిమిషాల ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు ఉంది. అది డాక్టరే నిర్ణయించాలి. రుమాటిక్ రోగులు మూడు నాలుగు వారాలకొకసారి వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ వేరు, ఇది వేరు. ఒకటి రెండవదానికి బదులు కాదు.

జీవాలు పెంచే ఇళ్లలో మేక ఈనినప్పుడు మాయను, మురికిని చేతితో ఎత్తకుండా, లోతుగా పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కవాట రోగులు, గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి. పాలు మరగకాచి తాగాలి.

మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని విషయంలో ఊహకు చోటివ్వకుండా నిర్ధారణకు ఓపిక పట్టడం, ఆ తరువాత తగిన ఔషధాన్ని పూర్తికాలం వాడటం ఆ అమానతును గౌరవించడమే. ఈ ప్రయత్నాలన్నీ చేశాక ఫలితాన్ని ఆయనకు అప్పగించి చేతులెత్తి వేడుకోవాలి. స్వస్థత ప్రసాదించేవాడు ఆయనే. కవాట వ్యాధులతో బాధపడుతున్న మన సోదర సోదరీమణులందరికీ అల్లాహ్ సంపూర్ణ ఆరోగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.